అల్లం దంచిన తమంచా

ఈ ఉదయం చాయ్‌లోకి అల్లం దంచుతుంటే బోధన్‌లోని మా వంటిల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలో అల్లానికి చిన్న రోకలి ఉండేది కదా. మా అవ్వకు తాత వదిలి వెళ్లిన తమంచా, అదే పాతకాలపు చిన్న పిస్తోలు, ఉండేది. అరచేతిలో ఇమిడేది, ఎప్పుడో పేలడం మానేసింది.

నా కాన్వెంటు ఫీజు కోసం బాపు దాన్ని అమ్మబోయాడు. పాత సామాన్లు కొనే ఖాదర్ చాచా గొట్టం మీది ఇంగ్లిషు అక్షరాలు నాతో చదివించాడు.

"లండన్," అన్నాను మెల్లగా.

"అసలు మాల్. మంచి ధర వస్తది."

అవ్వ ముఖం చిన్నబోయింది. చాచా అది చూశాడు. పిడి తిప్పి, "గీ సొట్టలేంది, అవ్వా?" అన్నాడు.

"అల్లం దంచిన."

"అయితే గిది తమంచా కాదు, రోకలి. రోకళ్లు నేను కొన."

బాపు నవ్వి, ఫీజుకు ఇంకో దారి చూసుకున్నాడు.

చాచా దాన్ని ఎందుకు వదిలేశాడో నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఇవాళ అల్లం దంచింది దానితోనే.