తుర్కయంజాల్ గుట్ట మీద అడవినాభి

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను జువాలజీ చెబుతాను, వసుంధర గారు బాటనీ చెప్పేవారు. ఏటా ఆవిడ బోర్డు మీద అడవినాభి పువ్వు బొమ్మ వేసేవారు: మొదళ్లలో పసుపు, కొసల్లో ఎరుపు, మంటలా పైకి లేచిన ఆరు రేకులు. కీమో మొదలయ్యాక పాఠాలు మానేశారు. జూలైలో చూడటానికి వెళ్తే, "తుర్కయంజాల్ దాటాక ఒక గుట్ట మీద గుంపులుగా పూసేవి. ఒక్కసారి తీసుకెళ్తావా?" అని అడిగారు.

ఆదివారం ఉదయం ఏడింటికి ఎల్‌బీ నగర్ మెట్రో దగ్గర ఆటో మాట్లాడాను. రానూపోనూ తొమ్మిది వందలు. డ్రైవర్ యాదయ్యది నల్గొండ వైపు. కర్మన్‌ఘాట్‌లో ఆవిడను ఎక్కించుకుని సాగర్ రోడ్డు పట్టాం. దారంతా సన్నటి ముసురు. ముప్పావుగంటలో చేరేసరికి గుట్ట సగమే ఉంది. మిగతా సగం తవ్వి, ప్లాట్లకు రాళ్లు పాతారు. రెండడుగులు వేస్తే ఆయాసం కాబట్టి వసుంధర గారు ఆటోలోనే ఉండిపోయారు. యాదయ్య నాకు తోడుగా వచ్చాడు.

మేకలు కాస్తున్న ఒకామె దారి చూపించింది. "నాభి గడ్డలు మందులకని తవ్వుకపోయిండ్రు బిడ్డా. గా ముళ్లపొదల ఒక్కటుంది. ఒచ్చే నెల గిదంత సాపు జేస్తరట" అంది.

రాళ్ల సందులో రేగుపొద మీదికి పాకిన తీగ. ఆకుల కొసలు మెలికలు తిరిగి ముళ్లకొమ్మలను పట్టుకుని ఉన్నాయి. పువ్వు ఒక్కటే. ఫోన్లో ఫొటో తీస్తే, ముసురుకు లెన్సు తడిసి రంగు తేలలేదు. కాసేపు నిలబడి, తెంపేశాను.

ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని కేసరాలను ఒక్కొక్కటే వేలితో తాకారు. "కోసుకొచ్చావేంటి? కాయ కట్టేది కదా" అన్నారు. గుట్ట వైపు చూస్తూ, "పైన ఇంకా ఉన్నాయా?" అని అడిగారు.

"చాలా ఉన్నాయండీ" అన్నాను.

యాదయ్య అద్దంలో నన్ను చూసి, ఆటో స్టార్ట్ చేశాడు. ఇల్లు చేరేదాకా ఆవిడ వచ్చే ఏడు పిల్లలను ఎలా తీసుకెళ్లాలో చెబుతూనే ఉన్నారు. ఆవిడను దింపాక, "మంచిగనే చెప్పిన్రు మేడం" అన్నాడు యాదయ్య.

ఆగస్టులో వసుంధర గారు పోయారు. అబద్ధం చెప్పినందుకు నాకంత బాధ లేదు. ఆ గుట్ట మీద మిగిలిన ఒక్క పువ్వును నా చేతులతో తెంపడమే మనసులోంచి పోవడం లేదు. మీరెవరైనా ఈ పువ్వు కోసం వానల్లో గుట్టలెక్కితే, ఫోన్ తుడవడానికి ఒక పొడి గుడ్డ వెంట ఉంచుకోండి. ఫొటో సరిగ్గా వస్తే తెంపాల్సిన పని ఉండదు.