చివరి చరణానికి ముందు

ఆర్కెస్ట్రాలో అందరికంటే వెనక నిలబడేది నేను. రాగి గిన్నెల మీద తోలు బిగించిన నాలుగు పెద్ద డ్రమ్ములు నావి. వాటికి పొడుగాటి పేరొకటి ఉంది కానీ మావాళ్లంతా గుండిగలనే అంటారు, నన్ను గుండిగలాయన అంటారు. వయొలిన్ల వాళ్లు ఊపిరాడకుండా వాయిస్తూనే ఉంటారు. నాకు జీతమిచ్చేది ముఖ్యంగా ఊరుకున్నందుకు. లెక్కపెట్టుకుంటూ నిలబడి, నా వంతు రాగానే నాలుగు దెబ్బలు కొట్టి, మళ్లీ ఊరుకుంటాను. మా అక్క ప్రతి కచేరీకీ వస్తుంది. అయిపోయాక బయట కలిసి, "నువ్వసలు కనిపించలేదురా" అని చెప్పి ఇంటికి వెళ్తుంది.

అందుకే, కేకగారు పాట మధ్యలో వెనక్కి తిరిగి తిన్నగా నా మొహంలోకి చూసినప్పుడు నాకు కంగారు పుట్టింది.

ఆయన అసలు పేరు పోస్టర్ల మీదే ఉండేది, జనం నోట్లో మాత్రం కేక. కుర్రతనంలో బ్యాటరీల కొట్టు వెనక షెడ్డులో నలుగురు కలిసి రాక్ బ్యాండ్ పెట్టారు. చెవులు చిల్లులు పడేలా గిటార్లు మోగించి, మధ్యలో ఈయన ఒక్క కేక పెడితే కుర్రకారంతా ఊగిపోయేది. నేను మాత్రం ఊగలేదు. నాకది ఉత్త మోత. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. ఆ పాత పాటలన్నిటినీ అరవైమంది ఆర్కెస్ట్రాతో కొత్తగా కట్టాలని మా కండక్టరమ్మకు బుద్ధి పుట్టింది. కండక్టరంటే ఎదురుగా నిలబడి చేతిలోని చిన్న కర్రతో మమ్మల్నందరినీ నడిపించే మనిషి. ఆమె వయసు కేకగారి వయసులో సగం కూడా ఉండదు, మాట మాత్రం మహా పదును.

"మోతకు ఇస్త్రీ చేసి మడత పెడతారట" అన్నాను అక్కతో.

మొదటిరోజు రిహార్సల్‌కు ఆయన అందరికంటే ముందు వచ్చాడు. తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, స్టీలు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, పక్కగా ఒక కుర్చీలో కూర్చున్నాడు. గొప్పవాడని కొందరు, మోత మనిషని కొందరు, మొత్తానికి ఎవరూ పలకరించలేదు. స్వరాల కాగితాలు చేతికిస్తే మర్యాదగా అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు అవి చదవడం రాదు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది.

పాడటం మొదలుపెట్టాక ఆ నవ్వు కాస్తా పోయింది. గొంతు అరిగిపోయింది, కేక లేదు. కేకలూ గిటార్లూ తీసేస్తే అడుగున మిగిలింది వట్టి దిగులు. ఇంత దిగులును ఇన్నాళ్లు ఆ మోతలో ఎలా దాచిపెట్టాడో నాకర్థం కాలేదు. వయొలిన్ల వాళ్లు కూడా మధ్యలో తలెత్తి ఆయన్ని చూశారు.

అన్ని పాటలూ కుదిరాయి, ఒక్క చివరిది తప్ప. ఆ పాట నాలాంటి వాడికి కూడా వచ్చు. చివరి బస్సు తప్పిపోయినవాడు రోడ్డు మీద నిలబడి ఇంట్లో ఉన్న మనిషితో మాట్లాడుకునే పాట. ఆఖరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఆయన ఒక్కడే "నడిచే వస్తా, తలుపెయ్యకు" అని ఎత్తుకోవాలి. కండక్టరమ్మ ఆ నిశ్శబ్దాన్ని ఎనిమిది లెక్కలుగా రాసింది.

అంతా ఆగాం. ఆయన వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. ఎనిమిది దాటిపోయింది, పాట లేకుండానే వయొలిన్లు అందుకున్నాయి.

"సార్, నేనిక్కడున్నాను. ఇటు చూడాలి" అంది కండక్టరమ్మ.

"తప్పయిందమ్మా" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ తిరిగాడు. మర్నాడూ అంతే. ఆమె ఓపిక పట్టింది, నచ్చజెప్పింది, చివరికి కర్ర కింద పెట్టేసింది. "రేపు కూడా కుదరకపోతే ఈ పాట తీసేద్దాం సార్. నాకు వేరే దారి లేదు."

"ఈ పాట లేకపోతే నేనూ రానమ్మా" అన్నాడాయన. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

టీకి విడిచిపెట్టినప్పుడు నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. "నా మొహమ్మీద ఏమైనా అంటుకుందాండీ?" అన్నాను, కాస్త దురుసుగానే.

ఆయన నవ్వాడు. ఫ్లాస్కు మూతలో నాకు టీ పోసిచ్చాడు. "మీరు నిలబడే చోట, నా వెనక, మా బావమరిది ఉండేవాడు. డబ్బా అనేవాళ్లం. చిన్నప్పుడు కిరసనాయిలు డబ్బాల మీద వాయించేవాడు, వాటితోనే డ్రమ్ములు నేర్చుకున్నాడు. వాళ్లక్కనే నేను చేసుకుంది. ఊళ్లు పట్టుకు తిరిగే వాడితో ఎవరు మాత్రం వేగుతారు? వదిలేసి వెళ్లిపోయింది. తమ్ముడు మాత్రం వదల్లేదు. సామాను సర్దుకుని మా ఇంటికే వచ్చేశాడు. 'మా అక్కకి బుద్ధుంది, నాకు లేదు బావా' అనేవాడు."

తర్వాత వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో ముసలివాళ్లయ్యారు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోమేవారు. ఉప్పు దగ్గర మొదలైన పోట్లాట పాతికేళ్ల కిందటి పాటల దాకా వెళ్లేది. బ్యాండులో మిగతా ఇద్దరూ ఎప్పుడో పోయారు. డబ్బా మొన్న వానాకాలంలో పోయాడు. అప్పటికే ఈ కచేరీ మాట అనుకున్నారట. "వెళ్లు బావా, ఒక్కసారైనా పెద్దమనుషుల మధ్య పాడు" అని ఒప్పించింది కూడా అతనేనట.

"ఒక్కడికి ఎంత వండాలో ఇప్పటికీ తెలీట్లేదండీ. రోజూ మిగిలిపోతోంది" అన్నాడు.

"మరి ఆ పాటలో..."

"అక్కడ ఎంతసేపు ఆగాలో మేమెప్పుడూ లెక్కపెట్టలేదు. హాల్లో ఒక్కడు కూడా దగ్గకుండా అయ్యేదాకా వాడు చూసేవాడు. అప్పుడు తలూపేవాడు. నేను ఎత్తుకునేవాణ్ణి. అంతే, ఇంకేం తెలీదు నాకు."

మర్నాడు నేనొక నిర్ణయానికి వచ్చి నా చోట్లో నిలబడ్డాను. లెక్కపెట్టడమే కదా నా బతుకు. అంతా ఆగిపోయాక ఆయన తిరిగాడు. ఎనిమిదో లెక్కకు నేను తలూపాను.

ఆయన గబుక్కున ముందుకు తిరిగి ఎత్తుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది. కండక్టరమ్మ మొహం వెలిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనిపించి, లోపల తెగ పొంగిపోయాను.

అందరూ వెళ్లిపోయాక గుండిగల మీద గుడ్డలు కప్పుతున్నాను. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ ఆయన నా దగ్గరికొచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"తలూపారు కదూ?"

"ఊపానండీ. సరిగ్గానే పడిందిగా."

"సరిగ్గానే పడింది. అదే కదా నా ఏడుపు" అన్నాడు. నా పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "వాడు లేకపోయినా పాట వచ్చేసింది తమ్ముడూ. రాదనుకున్నాను. రాకూడదనుకున్నాను."

నేను చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాను.

"వెనక్కి తిరుగుతానా, ఆ తిరిగే కాస్తసేపూ వాడు ఉంటాడు. చూశాక ఉండడు. రోజూ పోగొట్టుకుంటున్నాననుకో, అయినా ఆ కాస్తసేపు కోసం తిరుగుతున్నాను. ఇవాళ తిరిగితే నువ్వున్నావు."

మంచి చేయబోయి ఏం చేశానో అప్పుడు తెలిసింది. ఇక ఊపనండీ అన్నాను.

"తిరగనులే. పాట తీసేస్తే వాడు ఊరుకోడు. ఆ లెక్కేదో నాకు నేర్పు" అన్నాడు, ఖాళీ హాలు వైపు చూస్తూ.

నేను గుండిగ అంచు మీద వేలితో కొట్టాను. అన్ని పాటలు కట్టిన మనిషి బడిపిల్లాడిలా పెదాలు కదుపుతూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. తప్పితే మళ్లీ మొదటికొచ్చాడు. చీకటిపడేసరికి వచ్చింది. వచ్చినందుకు ఇద్దరిలో ఎవరికీ సంతోషం లేదు.

కచేరీ రోజున హాలు కిటకిటలాడింది. అన్ని పాటలూ అయ్యాయి. చివరిది వచ్చింది. అంతా ఆగిపోయాం. నా చోట్లోంచి ఆయన వీపే కనిపిస్తుంది, నల్లకోటు, దాని మీద పల్చబడిన జుట్టు. కుడి మడమ మెల్లగా లేస్తోంది, దిగుతోంది. లెక్కపెడుతున్నాడు. ఒకసారి మెడ కాస్త పక్కకు కదిలింది. అక్కడే ఆగిపోయింది. తిరగలేదు.

ఎనిమిదో లెక్కకు నేను తలూపాను. ఊపనని మాటిచ్చాను, అయినా ఊపాను. అక్కడ ఎవరో ఒకరు ఊపాలనిపించింది.

"నడిచే వస్తా, తలుపెయ్యకు" అని ఎత్తుకున్నాడాయన. గొంతు వణకలేదు. పాట అయ్యాక జనమంతా లేచి నిలబడ్డారు. కండక్టరమ్మ ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ముందున్నవాళ్లకు దణ్ణం పెట్టి, పక్కవాళ్లకు పెట్టి, మా వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. గుడ్డలు కప్పే నెపంతో వంగి కళ్లు తుడుచుకున్నాను.

బయట అక్క నా కోసం నిలబడి ఉంది.

"ఇవాళ కనిపించావురా" అంది. "చప్పుడంతా ఆగిపోయినప్పుడు తలూపావు. ఎవరికి?"

"ఎవరికీ కాదక్కా" అన్నాను.