రెండు గట్ల పిట్ట

సెబెరినా ఉయిల్కాకు యనమాయు ఏటి అవతలి గట్టంటే ఒళ్లు మంట. పెళ్లయిన కొత్తలో గట్ల తగాదాలో వాళ్ల వడిసెల రాయి తగిలి మొగుడి కన్ను పోయింది. అప్పటినుంచీ ప్రతి కార్నివాల్ పండగకూ ఏటి ఒడ్డున నిలబడి ఆవిడ తిట్టుపాటలు అందుకుంటే అవతలి ఆడవాళ్లు చెవులు మూసుకునేవారు. తిట్టడంలో ఆవిడకు సాటి లేరు.

ఇప్పుడు తగువు లోయ పైకొసన ఉన్న కెన్యువా చెట్ల తోపు గురించి. పొయ్యిలోకి పుల్లలూ, ఆలుగడ్డల చేలకు ఊటనీళ్లూ అక్కడివే. తోపులోని గోధుమరంగు పిట్ట ఇవతలి గట్టుకే ప్రత్యేకమైన జాతి అని తేలితే తోపు వీళ్ల ఊరికే దక్కుతుంది. రెండు గట్లదీ ఒకే జాతి అయితే చెరిసగమని సర్కారు తీర్మానం. అది తేల్చడానికి రాజధాని లీమా నుంచి లిసారగ అనే పక్షుల పండితుడు వచ్చాడు.

"అవతలి పిట్ట పాట ఈ పెట్టెలో ఉంది. మీ పిట్టకు వినిపించి ఏం చేస్తుందో చూడాలమ్మా," అన్నాడు.

"వాళ్ల పిట్ట కూడా వాళ్లలాగే ఏడుస్తుంది సారూ. మాది ఊరుకోదు. పదండి, చూపిస్తా," అంది సెబెరినా.

నెమ్మదైన పిట్టలన్నిటినీ దాటించి, కావాలనే అన్నిటికన్నా పొగరుబోతుదాని పొద దగ్గరికి తీసుకెళ్లింది. పాట మొదలైందో లేదో, పిట్ట పెట్టె మీద పడి పొడిచింది.

సెబెరినా చంకలు గుద్దుకుంది. "చూశారా ఆ పగ? ఇంకా ఒకే జాతి ఎలా అవుతాయి? రాసుకోండి."

లిసారగ దూరపు లోయలోని వేరే జాతి పాట పెట్టాడు. పిట్ట అటు చూడనైనా లేదు, పురుగులు ఏరుకుంటూ కూర్చుంది.

"పరాయి జాతి పాడితే దానికి పట్టదమ్మా. తన చోటుకీ తన జోడుకీ పోటీ వచ్చేది సొంత జాతే. అందుకే కలబడింది. ఇవి రెండూ ఒకటే."

ఆవిడ ముఖం మాడిపోయింది. మిగతావాటి దగ్గరికీ పోదామని బతిమాలింది. అవీ అవతలి పాట వినగానే ఒకదాన్ని మించి ఒకటి ఎగబడ్డాయి.

తోపు చెరిసగమైంది. ఆ పొద దగ్గరికి తీసుకెళ్లిందెవరని ఊరి సభలో అడిగితే ఆవిడ మెల్లగా అందరి వెనక్కి జరిగింది. మొదటిసారి అవతలి ఆడవాళ్లు పుల్లలకు వచ్చిన రోజున, వాళ్లలో నోరుగల బసీలియా నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"మన పిట్టలు ఒకటేనట వదినా. మరి మనమో?"

"మనమూ ఒకటే. అందుకే నువ్వంటే నాకు పడదు," అని సెబెరినా ఎండిన కొమ్మలన్నీ తన వైపు లాక్కుంది.