పడమటి కాలువ కింద చలిజ్వరం

ఎండ నెత్తిమీద ఉండగా చలి పుట్టింది. నా జబ్బు అలా మొదలైంది. చేలో నరికిన తుమ్మ పుల్లలు ఏరుతున్నాను. వేళ్లు వణికి గంప జారిపోయింది. పాక దాకా నడవలేక గట్టు మీదే కూలబడ్డాను.

అది మా ఊరు కాదు. మాది గణపవరం దగ్గర, కొల్లేటి అంచున ఒక పల్లె. వరసగా మూడేళ్లు కొల్లేరు పొంగి, సరిగ్గా వెన్ను తీసే వేళకు మా వరిని ముంచేసింది. నిజాం రాజ్యంలో కొత్త కాలువ వచ్చిందని, నీళ్లున్నా సాగు చేసేవాళ్లు లేరని విని మావారు పడమటికి పోదామన్నారు. "ఒక్క పంటైనా పొడి కళ్లంలో చూడాలనుందే" అన్నారు. నేను కాదనలేకపోయాను.

అక్కడ మా పక్క పాక మార్తమ్మది. వాళ్లది తాడేపల్లిగూడెం వైపు. వాళ్లకు మునగడానికి పొలమే లేదు. కిరస్తానీ మతం పుచ్చుకున్నాక ఊరి రైతులు పనికి పిలవడం మానేశారట. "ఇక్కడైతే అందరం కొత్తవాళ్లమే కదండీ. ఏ పేట మనుషులని అడిగేవాళ్లుండరు" అనేది.

ఆ రోజు నన్ను పాకకు చేర్చింది ఆమే. తన కుండలో నీళ్లు ముంచి తెచ్చి, ఒక్క క్షణం ఆగింది.

"సుభద్రమ్మ గారూ, తాగుతారాండీ?"

చెయ్యి చాచి తాగాను. మా ఊళ్లో అయితే తాగేదాన్ని కాదు. ఆ మాట దాచను.

అప్పటినుంచి రోజు విడిచి రోజు అదే వేళకు చలి, వెనకే జ్వరం, ఆపైన చెమట. నెల తిరిగేసరికి ఎడమ డొక్క రాయిలా గట్టిపడింది. మావారు చేను మార్తమ్మ వాళ్లకు అప్పగించి, నన్ను రైల్లో ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు.

డాక్టరు గారు వేలు గుచ్చి స్లైడ్ మీద రక్తం తీశారు. మర్నాడు పిలిచి చెప్పారు.

"మలేరియా అమ్మా. డొక్కలో స్ప్లీన్, అదే ప్లీహం, బాగా పెరిగింది. అంత దూరం ఎందుకు వెళ్లారు?"

"ఇక్కడ పంట చేతికి రావడం లేదండి."

ఆయన చీటీ అందుకున్నారు. "క్వినైన్ రాస్తున్నాను. జ్వరం తగ్గినా నేను చెప్పేదాకా ఆపకూడదు" అన్నారు.

వట్లూరులో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. ఆ మిక్చర్ చేదు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చెవుల్లో ఒకటే హోరు, అమ్మ పిలిచినా వినపడేది కాదు. అయిదో రోజుకు జ్వరం పోయింది. మావారు తేలికపడి చేను చూసుకోవడానికి వెళ్లారు. ఆయన వెళ్లగానే మందు మానేశాను. అమ్మ చూడకుండా పెరట్లో పారబోశాను.

మూడు వారాలకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి ఒళ్లే తెలియలేదు. అమ్మ బండి కట్టించి ఏలూరు చేర్చింది. కళ్లు తెరిచేసరికి డాక్టరు గారు మంచం పక్కన ఉన్నారు.

"మందు ఆపారా?"

తలూపాను. ఆయన కోప్పడలేదు.

"ఇది రిలాప్స్. జ్వరం పోయినా రక్తంలో పురుగు మిగిలిపోయింది. ఈసారి మా ఎదుటే తాగాలి."

కంపౌండరు పూటపూటా ఎదురుగా నిలబడి తాగించాడు. చివరి స్లైడ్ చూసి డాక్టరు గారు "క్లీన్ అమ్మా" అన్నప్పుడు అమ్మ వరండాలో కూర్చుని ఏడ్చేసింది. నాకేమో ఒక్కసారిగా ఆకలి తెలిసింది. చేపల పులుసు కావాలన్నాను.

కబురు అంది మావారు వచ్చారు. నన్ను తీసుకెళ్లడానికని అనుకున్నాను. కాదు.

"అక్కడి భూమి వదిలేద్దాం. నీకన్నా ఎక్కువా అది?" అన్నారు. ఆయన కూడా బాగా చిక్కిపోయారు.

"చేను ఎలా ఉందండీ?"

"కోతకు వచ్చింది."

"మరి కోయకుండా వదిలేస్తామా? దోమతెర కొనండి, వెళదాం."

ఆయన నా మొహం చూసి నవ్వారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి.

ఇప్పుడు ఆ కాలువ కింద రెండో పంట ఇంటికి వచ్చింది. నా డొక్క మెత్తబడింది, నడుం వంచి నాట్లు వేస్తున్నాను. ఈ ఏడు కొల్లేటి వైపు నుంచి ఇంకో నాలుగు కుటుంబాలు దిగాయి. వాళ్లలో ఎవరైనా జ్వరం తగ్గిందని సీసా పక్కన పెడితే, నేనే వెళ్లి మందు గ్లాసులో పోసి, తాగేదాకా ఎదురుగా కూర్చుంటున్నాను. మీకూ అదే చెబుతున్నాను. జ్వరం పోయిన రోజున మందు మానకండి. డాక్టరు ఆపమన్న రోజున మానండి.