గోడ ఫొటోలో నీడ

హెన్రీ కెమెరా ముందు కూర్చుంటే తలమీద నల్లటి నీడ పడతాదట. నీడ పడినోళ్ళు ఏడాది తిరక్కుండా పోతారట. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో కుళాయి దగ్గర పుట్టిన ఈ మాట ఊళ్ళో ఇందా అనే పేట బజారు దాకా ఎల్లిపోయింది. మొన్న చేపలమ్మే బెంగాలీ దాదా కూడా కత్తిపీట ఆపి, "దీదీ, నిజమేనా?" అని నన్నే అడిగినాడు. అందుకే రాస్తున్నాను. నా ఫొటోలోనూ ఆ నీడ ఉంది. మా ముందుగదిలోనే వేలాడుతోంది, అనుమానం ఉన్నోళ్ళు వచ్చి చూసుకోండి. నేను మాత్రం నిక్షేపంగా ఉన్నాను. నిన్న చేపల పులుసు కూడా పెట్టినాను.

హెన్రీ మా ఆయనతోపాటు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. కూతురు డయానాది కూడా రైల్వే ఉద్యోగమే, ఆమె క్వార్టర్లోనే ఉంటాడు. పది మాటలడిగితే ఒకదానికి జవాబిచ్చే మనిషి. రిటైరైనప్పుడు డయానా అతనికి మిర్రర్‌లెస్ కెమెరా అని కొత్తది కొనిచ్చింది.

ఇక్కడి మా తెలుగోళ్ళలో హిందువులకైనా క్రిస్టియన్లకైనా ఒక అలవాటుంది. పెద్దోళ్ళు ఓపిక ఉండగానే ఒక మంచి ఫొటో తీయించి దాచుకుంటారు. లేకపోతే పోయాక పిల్లలు ఆధార్ కార్డులో మొహాన్నే పెద్దది చేయించి దండేసేస్తారని భయం. హెన్రీ వాళ్ళింటి పక్కన సున్నం కొట్టిన గోడ ఉంది. పొద్దుటి ఎండ దానిమీద పడుతుంటే స్టూలేసి కూర్చోబెట్టి తీసేవాడు. గోడ ఫొటో అనేవాళ్ళం.

కిందటేడు చలికాలంలో నలుగురం తీయించుకున్నాం. గణపతిరావుగారు అప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నారు. ఎలీసమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చినారు. అలాంటోళ్ళు పోతే కెమెరాది తప్పా? కానీ హెన్రీ భార్య సూసన్న రాయిలాంటి మనిషి. "నాకూ ఒకటి తియ్యి, తెల్లచీర కట్టుకున్నాను గదా," అని నవ్వుతూ కూర్చుంది. ఆ ఫొటోలో, పైనుంచి ఎవరో నల్లతెర దించుతున్నట్టు, నీడ ఆమె జుట్టు మీదకి దిగింది. ఈస్టర్ ముందు నిద్రలోనే పోయింది.

ఆ తర్వాత హెన్రీ గోడ దగ్గర ఎవరినీ కూర్చోబెట్టలేదు. కానీ దీపాలు పెట్టే వేళకి కిటికీలు మూసిన ఆ ఇంట్లోంచి చప్పుడొచ్చేది. టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టక్. లోపల ఎవరో గోటితో తలుపు కొడుతున్నట్టుండేది. నేను ఊరుకునే మనిషిని కాదు కదా. కరివేపాకు వంకతో ఎల్లి కిటికీ సందులోంచి చూసినాను.

రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో హెన్రీ. రెండోది సూసన్నది, ఖాళీ. ఎదురుగా స్టాండు మీద కెమెరా. దానంతటదే ఫొటో తీసే టైమర్ ఎర్రదీపం అతని మొహమ్మీద ఆరుతూ వెలుగుతూ ఉంది. టక్‌మంది. లేచెళ్ళి ఆ చిన్న తెర వెలుగులో మొహం పెట్టి చూసినాడు, తల అడ్డంగా ఊపినాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేను కరివేపాకు తెంపకుండానే ఇంటికొచ్చేసినాను. ఆ రాత్రి మా ఆయన్ని దీపం తీయనివ్వలేదు.

ఇది చూళ్ళేకే కాబోలు, డయానా కెమెరా అమ్మేస్తానంది. సుభాష్‌పల్లి నుంచి వినీల కొనడానికొచ్చింది. ఇందాలో ఒక స్టూడియోలో పనిచేస్తాది. సొంత కెమెరా ఉంటే సొంతంగా బతకొచ్చని ఆ పిల్ల ఆశ. కొత్తది కొనే తాహతు లేదు. ఇదీ పోతే మళ్ళీ ఆ స్టూడియోలో ఒకరి కిందే. వాళ్ళమ్మేమో, "దెయ్యం కెమెరా గడప దాటితే నేను గడప దాటుతాను," అంటోందట.

"నువ్వు రా పెద్దమ్మా. నువ్వు చూసి చెప్తే మా అమ్మ నమ్ముతాది," అంది.

ఆదివారం చర్చి అయ్యాక ఎల్లినాం. వినీల ముందు లెన్సు ఊడదీసి, లోపలున్న సన్నటి రేకుల్ని టార్చితో చూసింది. తర్వాత ఎండలో ఉన్న గోడని వరసగా తీసింది. తెల్లగోడ ఫొటోలన్నిటికీ పైన నల్లటి పట్టీ.

"అమ్మో, గోడ కూడా చచ్చిపోతాదేటి?" అన్నాను.

వినీల పకపకా నవ్వింది. "షట్టర్‌లో మొదట్నుంచే లోపముంది పెద్దమ్మా, ఇప్పుడు బాగా అరిగిపోయింది. ఈ రేకులు ఒకదాని ఎనక ఒకటి పరిగెత్తాలి. అరిగితే ఒకటి ఎనకబడిపోతాది, ఆ మేరకి ఎలుగు పడదు. అదే మీ నీడ."

"ఇన్నాళ్ళూ నేను దండం పెట్టింది అరిగిన రేక్కేనా!" అన్నాను. డయానా కూడా నవ్వింది. హెన్రీ నవ్వలేదు.

వినీల తెచ్చుకున్న లాప్‌టాప్‌లో ఏదో చూసి నొసలు ముడేసింది. "అంకుల్, పెళ్ళిళ్ళకి తీయరు కదా మీరు? షట్టర్ లక్షసార్లు దాటి కొట్టినట్టుంది. గోడ ఫొటోలకి ఇంత అరుగుదల ఎక్కడిది?"

హెన్రీ సూసన్న కుర్చీ వైపు చూసినాడు. ఎక్కడిదో నాకు తెలుసు.

"పర్లేదు అంకుల్, కోల్‌కతాలో షట్టర్ మార్పించేస్తాను," అంది వినీల.

"మారిస్తే ఇంక నీడ పడదా?" అన్నాడు హెన్రీ.

"పడదు."

"నేను రోజూ తీస్తాను గదా. నాకెందుకు పడటం నేదు?"

"ఎక్కడ తీస్తారు?"

"లోపల. కిటికీలు మూసి."

"చీకటిగదిలో రేకులు ఎక్కువసేపు తెరుచుకునే ఉంటాయి అంకుల్, అక్కడ తేడా తెలీదు. ఎండలో అయితేనే పడతాది." పాపం, ఆ పిల్లకేం తెలుసు.

హెన్రీ లోపలికెళ్ళి సూసన్న కుర్చీ తెచ్చి గోడ ముందేసినాడు. పక్కన తన కుర్చీ వేసుకున్నాడు. వినీల చేతిలోంచి కెమెరా తీసుకుని స్టాండుకి బిగించి, చొక్కా పైగుండీ పెట్టుకుని, ఎండలో కూర్చున్నాడు. "నాన్నా!" అంది డయానా. ఎర్రదీపం వెలిగి ఆరడం మొదలైంది.

నేనింక ఆగలేకపోయినాను. "హెన్రీ, ఇలా చూడు. ఈ కెమెరా పిల్లకి ఇస్తావా, ఇవ్వవా?"

"ఇచ్చేస్తాను వదినా," అన్నాడు, కెమెరా మీంచి చూపు తిప్పకుండా. "ముందు నాకూ ఆ నీడ పడనీ."