పావు చుట్టు వెలుతురు

మింక చేసిన పనికి వంక పెట్టిన మనిషి మా స్లివెన్ ఊరు మొత్తంలో ఒక్కడే. వాడి పేరు క్రూమ్, బస్సు డ్రైవరు. ఆ ఒక్కడి సంగతే చెబుతాను. మింక ఎలాంటి మనిషో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మంచి కథ లేదు.

నా పేరు గెంచో. ఇళ్ళకు ఫాల్స్ సీలింగ్ కొట్టడం నా పని. ఆ సీలింగ్‌కు నేను గుండ్రటి చిల్లులు కోస్తే మింక వాటిల్లో దీపాలు బిగిస్తుంది. పదిహేడేళ్ళుగా ఇద్దరం కలిసే తిరుగుతున్నాం. ఆ దీపాల్ని మా వాళ్ళు లూనిచ్కి అంటారు, బుల్లి చందమామలన్నమాట. ముఖం మీది గోధుమరంగు చుక్కలకూ ఇదే మాట. ఊరందరికీ వీటి పిచ్చి పట్టింది. బావమరిది ఇంట్లో పన్నెండుంటే తనింట్లో పద్నాలుగుండాలి. కింద కూర్చున్నవాడి నడినెత్తి మాడిపోతున్నా సరే!

మింకకు అరవై దగ్గరపడింది. నిలబడితే నా భుజం వరకే వస్తుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆమెతో పని చేయడమంటే మాటలు కాదు. పొడుగాటి కర్ర చివర ఒక దీపం కట్టి, దానికి వైరు తగిలించి, సీలింగ్‌కు ఆనించి పట్టుకుంటుంది. తర్వాత ఇంటివాళ్ళను పిలిచి, "రోజూ ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. ఏం చేస్తారో అదే చేయండి" అంటుంది. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు, ఇంకొకరు పేపరు చదువుతారు. ఎవరి నీడ ఎవరి చేతుల మీద పడుతోందో చూస్తూ ఆ కర్రతో గదంతా తిరుగుతుంది. పూట గడిచిపోతుంది. నేను రంపం పట్టుకుని నిచ్చెన మీద నిలబడే ఉంటాను.

"అక్కా, చిల్లులు కోద్దామా, ఇక్కడే కాపురం పెడదామా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"కోసిన చిల్లుని పక్కకి జరపగలవా?"

"జరపలేను."

"అయితే నోరు మూసుకుని నిలబడు."

ఒక ఏడు వసంతంలో క్రూమ్ తన వంటగదికీ ముందుగదికీ మధ్య గోడ పడగొట్టించి మమ్మల్ని పిలిచాడు. క్రూమ్‌ది పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మీసం. పై పెదవి ఎలా ఉంటుందో చూసినవాడు లేడు, కింది పెదవి కూడా సగమే కనిపించేది. సూప్ తాగాక దాన్ని రుమాలుతో పిండుకునేవాడు. పిల్లలు ఆ మీసం చూడ్డానికే తన బస్సెక్కుతారని గొప్పలు పోయేవాడు.

"పదహారు పెట్టండి. తిప్పితే తగ్గేవి, సినిమా హాల్లో లాగా" అన్నాడు. "మా బావమరిదింట్లో పద్నాలుగున్నాయి. ఫుట్‌బాల్ వచ్చినప్పుడు చీకటి చేసి చూస్తాడు, దొరబాబులా!"

"నాకొద్దు," అంది వాడి భార్య వెనెత. "నా పాత దీపం నాకుంచండి." బల్ల మీదికి కిందికంటా వేలాడే మూడు కొమ్మల దీపం అది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

క్రూమ్ పగలబడి నవ్వాడు. "ముఖం నిండా లూనిచ్కి పెట్టుకుని, సీలింగ్‌కి మాత్రం వద్దంటుంది, చూడండి!"

వెనెత నవ్వలేదు. పాత దీపం, పాత దీపం అని పట్టిన పట్టు విడవలేదు. మొండిది అనుకున్నాను. నాకేం తెలుసు?

వెనెతకు చెవులు వినపడవు. మీకు ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి చివర్లో బయటికి లాగడం నాకు చేతకాదు. ఇరవైరెండేళ్ళు బట్టల మిల్లులో మగ్గాల హోరు మధ్య నిలబడి పనిచేసింది. మిల్లు మూతపడింది గానీ ఆ హోరు ఆమె చెవుల్ని మెల్లమెల్లగా తినేసింది. అయితే మిల్లు ఆడవాళ్ళకు ఒక విద్య వచ్చు. ఆ మోతలో అరిచినా లాభం లేదు గనక వట్టి పెదాలు కదిపి మాట్లాడుకుంటారు, పెదాలు చూసే అర్థం చేసుకుంటారు. ఆ విద్యతోనే వెనెత తన చెవుడు ఇంట్లో ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తోంది. బల్ల మీద పాత దీపం కిందికంటా వేలాడుతుంది గనక ఎదుటివాళ్ళ మూతి మీద వెలుతురు బాగా పడేది. నడినెత్తి మీద లూనిచ్కి వస్తే? కళ్ళ కింద నీడ, ముక్కు కింద నీడ, ఆ నీడలో మీసం, మీసం కింద పెదాలు. ఇక క్రూమ్ నోరు ఆమెకు చీకటి కొట్టే!

మింక కర్ర పట్టుకుని, క్రూమ్ కూర్చున్న కుర్చీకి నేరుగా పైన దీపం నిలబెట్టింది.

"ఆ ఉప్పిలా అందించు," అన్నాడు క్రూమ్.

వెనెత వెనిగర్ సీసా అందించింది.

"మతి ఎక్కడుందే నీకు!" అని వాడు మళ్ళీ నవ్వాడు. వెనెత ముఖం పాలిపోయింది.

మింక కర్ర నాకిచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి, వెనెతను చూస్తూ పెదాలు కదిపింది. నిచ్చెన మీద ఉన్న నాకు చిన్న చప్పుడు కూడా వినపడలేదు. వెనెత మాత్రం గిరుక్కున తిరిగి పొయ్యి వైపు పరుగెత్తింది. పాలు పొంగుతున్నాయి అందట మింక. పొయ్యి మీద పాలే లేవు.

మింక కూడా వయసులో ఉన్నప్పుడు అదే మిల్లులో కరెంటు పని చేసింది. ఆ సంగతి నేను మరిచిపోయాను, వెనెతకు తెలియనే తెలియదు.

పరదాల రంగు మాట్లాడుకోవాలంటూ ఇద్దరూ బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. అద్దంలోంచి చూస్తే వెనెత ఏడుస్తోంది. పరదాల రంగు గురించి ఇంత ఏడుపెందుకని ఆశ్చర్యపోయాను, నా తెలివి అంతే మరి! ఏం మాట్లాడుకున్నారో తర్వాత మింక చెప్పింది. క్రూమ్ తల్లి చివరి రోజుల్లో ఆ ఇంట్లోనే ఉండేది, ఆవిడకూ చెవుడే. మొదట్లో అందరూ ఆవిడ దగ్గర అరిచి మాట్లాడేవాళ్ళు. తర్వాత అరవడం విసుగొచ్చింది. బల్ల చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆవిడ "ఏంట్రా, ఏంటి?" అని అడిగేది. "ఏం లేదులే అమ్మా" అనేవాడు క్రూమ్. చెడ్డవాడేం కాదు, అలవాటైపోయింది. "నాలుగేళ్ళు ఆ 'ఏం లేదులే' తిని బతికింది అక్కా," అందట వెనెత. "నాకూ అదే పెడతారు. అంతకంటే మొండిదాన్ననిపించుకోవడం నయం."

లోపలికి రాగానే మింక నా వైపు చూసి, "నువ్వు గీసిన గుండ్రాలన్నీ చెరిపెయ్," అంది. పదహారు గీశాను, స్కేలు పెట్టి! ఒళ్ళు మండింది.

పదహారు కాస్తా ఎనిమిదయ్యాయి. కుర్చీలకు నేరుగా పైన ఒక్కటీ లేదు. ఐదింటిని తెల్లగోడ పొడుగునా పెట్టించి, క్రూమ్ కుర్చీని ఆ గోడకు ఎదురుగా వేయించింది. గోడ మీద పడ్డ వెలుతురు తిరిగి వాడి ముఖం మీదికే వస్తుంది. వెనెత గోడకు వీపు పెట్టి వాడికి ఎదురుగా కూర్చుంటుంది. వాల్‌నట్ రంగు బల్ల కొంటానంటే తిట్టి లేతరంగుది కొనిపించింది. కింద నుంచి కూడా ఆ మీసంలోకి కొంచెం వెలుతురు దూరాలి గదా. దీపాల కోసం కొట్టుకి ఒక టమాటా, ఒక ఎర్ర మిరపకాయ పట్టుకెళ్ళింది. ఏ దీపం కింద ఆ రెండు ఎరుపులూ వేర్వేరుగా కనిపిస్తే అదే కావాలంది. పెదవి రంగు, చెంప రంగు కలిసిపోకూడదని. కొట్టువాడు తల పట్టుకున్నాడు. వెలుతురు తగ్గించే డిమ్మర్లు మూడు తెచ్చింది. వాటిని ఒక్కొక్కటే తగిలించి, ఫోను కెమెరాలో చూసింది, కంటికి తెలియని వణుకు అందులో తెలుస్తుందని. రెండింటికి దీపాలు వణికాయి. మూడోది నిలకడగా ఉంది.

మూడోదాన్ని గోడలో బిగించేటప్పుడు దాని లోపలున్న చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పింది. బయటి గుండీని ఎంత తిప్పినా వెలుతురు ఒక హద్దు దాటి తగ్గకుండా ఆపే మర అది. వెనెతను తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, చప్పుడు లేకుండా మాట్లాడుతూ, మర తిప్పుతూ పోయింది. వెనెతకు మాట అందని చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పి, అక్కడ వదిలేసింది.

ఇంటికి రంగులయ్యాక క్రూమ్ అందర్నీ పిలిచాడు. బావమరిది వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. పీచ్ పండ్లతో కాచిన రాకియా సారా గ్లాసుల్లో తిరిగింది.

"ఇప్పుడు చూడండి, సినిమా హాలు!" అని క్రూమ్ గుండీ తిప్పాడు. వెలుతురు సగానికి తగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. అంతే.

"సినిమా మొదలవలేదేం బావా?" అన్నాడు బావమరిది. అందరూ గొల్లుమన్నారు.

క్రూమ్ ముఖం కందగడ్డయింది. "ఏంటమ్మా మింకా ఇది? మేస్త్రి అంటే నువ్వేనని ఊరంతా అంటే నమ్మి పిలిచాను గదా!"

నేను నోరు తెరిచేలోపే మింక లేచి నిలబడింది. "నాదే పొరపాటు. డిమ్మరు చూసుకోకుండా కొన్నాను. ఇంతకంటే తగ్గదు."

అంతకుముందెప్పుడూ ఆ మాట ఆమె నోట వినలేదు. ఆ భవనంలోనే ఇంకో మూడు ఫ్లాట్లవాళ్ళు తమ పని ఆమెకిస్తామని ఉన్నారు. మూడూ ఆ సాయంత్రమే చేజారాయి.

కిందికి దిగుతూ నేను ఊరుకోలేదు. "అబద్ధమెందుకాడావ్? నాలుగు డబ్బుల మర తిప్పితే తగ్గుతుంది! రేపు నేనే వెళ్ళి తిప్పొస్తా!"

అప్పుడు చెప్పింది వెనెత సంగతంతా, నేను తిప్పేస్తానన్న భయంతో. విని మెట్ల మీద కూర్చున్నాను.

"అయితే ఆవిడే మొగుడికి చెప్పుకోవచ్చుగా?" అన్నాను.

"చెప్పుకోవడం, మానడం ఆవిడ ఇష్టం. వెలుతురు వరకే మన పని."

"మరి నీ పేరు?"

"నా పేరేమైనా పెదాలు చూసి బతుకుతోందా? లే, బస్సు పోతుంది."

ఇలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట ఆమె ముందంటే తిడుతుందని ఇక్కడ అంటున్నాను.

రెండేళ్ళు పోయాక, చలికాలం చివర్లో, క్రూమ్ నాకు ఫోన్ చేశాడు. "ఆ డిమ్మరు సంగతి చూడాలి. నువ్వొక్కడివే రా." ఏం అబద్ధం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళాను.

తలుపు తీసిన మనిషిని పోల్చుకోలేకపోయాను. మీసం లేదు! పై పెదవి పాలిపోయి, అప్పుడే పుట్టినట్టుంది.

"ఇదేంటి క్రూమ్, మీసమేది?"

"దురద పుట్టింది, తీసేశా."

వెనెత మాకు వీపు పెట్టి వంటగట్టు దగ్గర బానిత్సా అనే పొరల రొట్టెకి పిండి పల్చగా సాగదీస్తోంది. క్రూమ్ గొంతు తగ్గించలేదు, మామూలుగానే మాట్లాడాడు.

"లోపల ఏదో మర ఉంటుందటగా? దాన్ని ఇంకాస్త పైకి తిప్పు. ఈమధ్య ఆ వెలుతురు వెనెతకి చాలట్లేదు."

నేను వెనెత వీపు వైపు చూశాను.

"డిసెంబర్లో మంచుకి కరెంటు పోయింది," అన్నాడు. "చీకట్లో కూర్చుని మా డిపో సంగతులు చెబుతున్నా. ఒక్కదానికీ జవాబు లేదు. అలిగిందేమోననుకున్నా. అది లేచి, తడుముకుంటూ వెళ్ళి, కొవ్వొత్తి వెలిగించి తెచ్చి నా మూతి దగ్గర పట్టుకుంది. పట్టుకుని, 'ఆఁ, ఇప్పుడు చెప్పు' అంది." వాడు పై పెదవి తడుముకున్నాడు. "మా అమ్మ గుర్తొచ్చింది గెంచో. తెల్లారి లేచి మీసం గొరిగేశా. తర్వాత ఈ దీపాలన్నీ చూస్తూ కూర్చున్నా. గోడా, బల్లా, నా కుర్చీ... అప్పుడర్థమైంది మింక ఏం చేసిందో. నలుగురిలో ఆవిణ్ణి ఎంత మాటన్నాను!"

"నీకు తెలిసిందని వెనెతకు చెప్పావా?"

"లేదు. తనంతట తను చెప్పాలి గానీ, నేను లాగితే ఏం బాగుంటుంది?"

కరెంటు కట్టేసి, మూత విప్పి, మరను పావు చుట్టు తిప్పాను. మళ్ళీ దీపాలు వెలగ్గానే వెనెత వెనక్కి తిరిగింది, చేతుల నిండా పిండి. మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏంటి, ఏం మాట్లాడుకుంటున్నారు?"

క్రూమ్ నోరు తెరిచాడు. ఆ 'ఏం లేదులే' వాడి నాలుక చివరి దాకా వచ్చిందని నాకు తెలుసు. వాడు రెండడుగులు నడిచి, గోడ వెలుతురు ముఖం మీద పడే చోట నిలబడ్డాడు.

"దీపం గురించే," అన్నాడు నిదానంగా. "కాస్త పెంచమన్నా. ఆ తర్వాత నా మీసం గురించి వీడు ఎగతాళి చేస్తున్నాడు. పెదవి అప్పుడే పుట్టినట్టుందట." నేను మనసులో అనుకున్నది వాడెలా పట్టాడో!

వెనెత పకపకా నవ్వింది.

అటు నుంచి అటే మింక ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. క్రూమ్ ఆదివారం వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాడట అన్నాను. అదేమీ పట్టించుకోలేదు. మీసం సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ముఖం అటు తిప్పుకుని చాలాసేపు ముక్కు చీదుకుంది.

"మర ఎంత తిప్పావ్?" అంది చివరికి.

"పావు చుట్టు."

"మీసం లేనప్పుడు అంత అక్కర్లేదు, కళ్ళు గుచ్చుకుంటాయి," అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచింది. "పద, చూసొద్దాం."