గేటు బెల్లుకి ఆయుధపూజ

మా అమ్మకి దేవుడి మీద ఎంత నమ్మకమో, తాళాల మీద అంత అనుమానం. నాన్న పోయాక గుణదలలో మా ఇంటి పోర్షన్ల అద్దెలే మాకు ఆధారం. వాటి మీదే నేను కాలేజీలో చేరాను. అలాంటి ఇంట్లో పట్టపగలు, నూతి గట్టు మీద తోమి బోర్లించిన ఇత్తడి బిందె మాయమైంది. కొన్నాళ్ళకి వాకిట్లో సైకిలు పోయింది. ఆ సైకిలు పోగొట్టుకున్న బ్యాంకు గుమాస్తా, ఒక పోర్షన్లో అద్దెకుండేవాడు, "మరోలా అనుకోకండి" అంటూనే ఇల్లు ఖాళీ చేశాడు. మరోలా కాక ఇంకెలా అనుకుంటాం?

సంగతి తెలిసి ఉయ్యూరు నుంచి మా పెదనాన్న దిగారు. చెరకు తోటలున్న మనిషి. మంచివారే కాని, ఆ మంచి మాట కూడా వీధి చివరిదాకా వినిపించేట్టు చెప్పేవారు.

"మగదిక్కు లేని ఇల్లమ్మాయ్! ఇవాళ బిందె పోయింది, రేపు మెళ్ళో గొలుసు పోద్ది. అమ్మేసి ఉయ్యూరొచ్చెయ్యండి. దీని చదువంటావా, చదివింది చాల్లే."

'దీని' అంటే నేను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ మాత్రం తలుపు చాటునుంచి, "దసరా దాకా ఆగండి బావగారూ, ఈలోగా ఏదో ఒక ఏర్పాటు చేస్తాను" అంది.

"సరే, దసరాకొస్తా. ఇట్టాగే ఉంటే మాత్రం కొనేవాణ్ణి వెంటబెట్టుకొస్తా" అని ఆయన వెళ్ళిపోయారు.

వెనక పోర్షన్లో రేడియోలు రిపేరు చేసే సాయిబుగారు భార్యతో ఉండేవారు. అమ్మ ఆయన్ని పిలిచి గోడు చెప్పుకుంది. ఆయన ఆలోచించి గేటు దగ్గర రెండు ఇత్తడి రేకులు బిగించారు. గేటు తీస్తే అవి ఒకదానికొకటి తగులుతాయి, మా వరండాలో బెల్లు మోగుతుంది. గేటు మూసేదాకా ఆగదు. టార్చిలైటు బ్యాటరీలతో నడిచేది కాబట్టి కరెంటు పోయినా దానికి ఫికరు లేదు.

ఆ మోతకి మొదట అల్లాడిపోయింది ముందు పోర్షన్లో ఉండే నర్సమ్మగారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి, ప్రార్థన చేసుకుని, పగలు పడుకునేది.

"దొంగోడు బిందెలే పట్టుకుపోయాడండీ. మీ బెల్లు నా నిద్ర పట్టుకుపోతోంది" అని అమ్మ మీద విరుచుకుపడింది. అమ్మ మజ్జిగ ఇచ్చి బతిమాలింది. అలవాటైతే అదే జోలపాట అన్నట్టు, కొన్నాళ్ళకి ఆవిడకి ఆ మోతలోనే నిద్ర పట్టడం మొదలైంది. మిగతావాళ్ళమూ అంతే. పాలవాడొచ్చినా, పోస్టుమాన్ వచ్చినా, కూరలమ్మి వచ్చినా మోగేది కాబట్టి ఎవరొచ్చారని తొంగిచూడ్డం మానేశాం. ఏమైతేనేం, ఒక్క చెంచా కూడా పోలేదు. బ్యాంకు గుమాస్తా ఖాళీ చేసిన పోర్షన్లోకి మాత్రం ఎవరూ రాలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు అమ్మ కుట్టుమిషనుకీ, రోలుకీ, కత్తిపీటకీ పసుపు కుంకుమలు పెట్టి గేటు దగ్గరికి నడిచింది.

"ఇంటిని కాపాడేది ఇది. దీనికి పండగ లేదా?" అని ఆ రెండు రేకులకీ పసుపు ముద్ద దట్టంగా పట్టించి, బొట్లు పెట్టి, పైన బంతిపూల దండ వేసింది. అప్పటికే పాలవాడు వచ్చి పోయాడు, నర్సమ్మగారు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది, సాయిబుగారు కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత గేటు తీసినవాళ్ళే లేరు.

మధ్యాహ్నం పెదనాన్న తీశారు. వెనకాల ఇల్లు కొనే ఆసామి. గేటు కిర్రుమంది. బెల్లు మాత్రం మోగలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పెదనాన్న గేటు మూసి, మళ్ళీ తీశారు. మళ్ళీ కిర్రుమనడమే.

"చూశారుగా, ఇదీ వీళ్ళ కాపలా" అన్నారు ఆసామితో.

ఆ మాట పూర్తయిందో లేదో, నర్సమ్మగారు జుట్టు ముడేసుకుంటూ చీపురుతో బయటికొచ్చింది. వెనకనుంచి సాయిబుగారి భార్య, తలమీద ముసుగు సర్దుకుంటూ, పిండి అంటిన చపాతీ కర్రతో వచ్చింది.

"ఎవరండీ మీరు? బెల్లు మోగకుండా ఎట్టా తీశారు?" అంది నర్సమ్మగారు.

"నేను ఇంటావిడ బావగార్నమ్మా."

"అట్టాగే చెప్తారండీ అందరూ. ఉండండక్కడే!"

ఆసామి గేటు అవతలికి జరిగాడు. ఈ గొడవకి పరుగెత్తుకొచ్చిన అమ్మ, ఎదురుగా బావగార్నీ, మూగబోయిన బెల్లునీ చూసి గుమ్మంలోనే కూలబడింది. ఇల్లు పోయింది, నా చదువూ పోయిందనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

పెదనాన్న నర్సమ్మగారినే చూస్తున్నారు. "నిద్దట్లోంచి లేచొచ్చినట్టున్నావు. బెల్లే మోగలేదు కదమ్మా, నీకు మెలకువెట్టా వచ్చింది?"

"మోగితే లేచేదాన్నే కాదండీ. మనోళ్ళెవరో అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. గేటు చప్పుడైంది గానీ బెల్లు లేదు. దాంతో ఉలిక్కిపడ్డా."

పెదనాన్న ఆవిడ చేతిలో చీపురునీ, సాయిబుగారి భార్య చేతిలో చపాతీ కర్రనీ ఒకసారి చూశారు. తర్వాత గేటు దాకా వెళ్ళి, "ఈ బేరం కుదరదు లెండి" అని ఆసామిని పంపేశారు.

సాయంత్రం సాయిబుగారొచ్చి బ్లేడుతో రేకులు గీకారు. "పసుపు ఎండితే కరెంటు పారదమ్మగారూ. పూజ చేయండి గానీ, దండతో సరిపెట్టండి" అని నవ్వారు. బెల్లు గణగణలాడింది. పులిహోర తిని బయల్దేరబోతున్న పెదనాన్న మెట్ల మీదే ఆగిపోయారు. మొదటిసారి ఆయన గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా పలికింది.

"అమ్మాయ్, మా చిన్నది స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లోనే కూచుంది. చదువుతానని ఏడుస్తోంది. బెజవాడలో ఒక్కదాన్నే వదలడానికి నాకే ధైర్యం చాల్లా. వచ్చే ఏడు కాలేజీలో చేర్పిస్తా, నీ దగ్గరుంచుకుంటావా?"

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూనే తలూపింది. ఇన్నాళ్ళూ ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, నేనే అనేశాను.

"వచ్చే ఏడు దాకా ఎందుకు పెదనాన్నా? రేపే పంపించెయ్యండి. నా పుస్తకాలు చదువుకుంటూ ఉంటుంది."